మిరప మొక్కలకు ముడత వచ్చిన ఏడు

మొన్న మా మనవరాలు బాల్కనీలో కుండీలో వేసుకున్న మిరప మొక్క ఆకులు ముడుచుకుపోతే, దానిని ఫోనులో ఫొటో తీసి ఎవరికో పంపింది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోగా జవాబు వచ్చేసింది. ఆకు అడుగున కంటికి ఆనని పురుగు చేరి రసం పీల్చేస్తోందట, వేపనూనె నీళ్ళలో కలిపి చల్లమన్నారట. ఓస్ ఇంతేనా అనుకుంటూ అది లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ ఆకు తిరగేసి పట్టుకుని, ఏమీ కనబడకపోయినా చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఈ పాటి సంగతి డెబ్భై ఏళ్ళ కిందటి ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్కరికి తెలిసి ఉన్నా మా వదిన బతుకు మరోలా ఉండేది. ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట ఇది. నా ఈడు వాళ్ళు కొందరైనా మిగిలి ఉండగానే చెప్పెయ్యాలనిపించింది.

మాది అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. ఇంటి వెనక కొబ్బరి చెట్ల నీడ పడని చోట, ఇరవై గజాల పొడవున, మా మామ్మ మిరప మొక్కలు వేసేది. అవి మామ్మ సొత్తు. తొమ్మిదో ఏట పెళ్ళై ఈ ఇంటికి వస్తూ చీర కొంగున ముడివేసుకు తెచ్చుకున్న పుట్టింటి విత్తనమట అది; కాయ పొట్టిగా, లావుగా, కొస కాస్త వంకర తిరిగి ఉండేది. పుట్టింటి నుంచి ఆవిడకి మిగిలింది ఆ విత్తనం ఒక్కటే, ఎందుకంటే ఆ ఊరూ ఆ ఇల్లూ ఏనాడో గోదావరి వరదలో కలిసిపోయాయి. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఇక రాయబోయేది చదివి మామ్మని ఉత్త రాకాసి అనుకుంటారేమోనని. రాకాసి కాదు, మమ్మల్నందరినీ చేతుల మీద పెంచిన మనిషి. అయినా చేసింది చేసింది.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు, మా స్కూల్లో జెండా ఎగరేసి పిప్పరమెంట్లు పంచినప్పుడు అధిక శ్రావణం నడుస్తోంది. అందుకని మామ్మ ఆ నెల వెళ్ళేదాకా ఆగి, నిజ శ్రావణంలో మంచిరోజు చూసి నారు పోసింది. విత్తనాలని బూడిదలో కలిపి చల్లి, పైన కొబ్బరాకులు కప్పి, మొలక కనబడగానే ఆకులు తీసేసి, ఎండ వేళ మళ్ళీ కప్పి, ఇలా నెలన్నర దాన్ని కాపాడేది. ఆశ్వయుజంలో వానలు తెరిపి ఇచ్చాక మొక్కలు తీసి వరసల్లో నాటడం, మొదళ్ళకి పశువుల పెంట, తెలకపిండి వెయ్యడం, ఆ తర్వాత రోజూ పొద్దున్నే నూతిలోంచి నీళ్ళు తోడి చెంబుతో మొదట్లో మాత్రమే పొయ్యడం. ఆకు మీద నీళ్ళు పడితే ఒప్పుకునేది కాదు. ఆ నీళ్ళ పని వదినదీ నాదీను. వదిన తోడేది, నేను పోసేదాన్ని.

మామ్మకి మిరప వరసల విషయంలో ఒక చట్టం ఉండేది. బయటున్న ఆడవాళ్ళ గాలి కూడా ఆ మొక్కలకి తగలకూడదు. నా ఈడు వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు, ఇప్పటి వాళ్ళకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: నెలలో ఆ మూడు రోజులూ మా అమ్మ గానీ వదిన గానీ వెనక వసారా చివర వేరే చాప, వేరే చెంబుతో కూర్చునేవారు. ఆ మూడు రోజులూ పెరటి తలుపు వాళ్ళకి మూసే ఉండేది. ముట్టు మనిషి నీడ పడితే మిరప మొక్క ఆకు ముడుచుకుని మాడిపోతుందని మామ్మ నమ్మకం. ఆవిడ ఒక్కర్తే కాదు, ఊరంతా నమ్మేది, నేనూ నమ్మాను.

మా ఇంట్లో ఇంకో చట్టం కూడా ఉండేది. ఆడపిల్ల పెద్దమనిషి అయిన రోజున పలక అటక ఎక్కాల్సిందే. మా అక్కకి ఆరో క్లాసులోనే ఆ రోజు వచ్చింది, మరుసటేడు పెళ్ళయిపోయింది. నేను ఎనిమిదో క్లాసుకి వచ్చాను. ఆ యేడు చివర పబ్లిక్ పరీక్ష, అది పాసైతే టీచరు ట్రైనింగుకి వెళ్ళొచ్చని మా మేనమామ నా చెవిలో వేశాడు. ఇంక నాకు వేరే ధ్యాస లేదు. ప్రతి ఆదివారం వినాయకుడికి మొక్కుకునేదాన్ని, పరీక్షలయ్యేదాకా నన్ను చిన్నపిల్లగానే ఉంచమని.

కార్తీకం చివర్లో, లెక్కల క్లాసులో, ఆ రోజు రానే వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మ పాత చీర అంచు చింపుకున్నాను, కాలువ రేవులో పుస్తకాల సంచీ అడ్డం పెట్టుకుని ఉతుక్కున్నాను, తడిగుడ్డ కొబ్బరి డొక్కల గుట్ట వెనక ఆరేసుకున్నాను. ఆ మూడు రోజులూ యథాప్రకారం మిరప మొక్కలకి నీళ్ళు పోశాను. మానేస్తే ఎందుకని అడుగుతారు కదా. ప్రతి మొక్క దగ్గరా వంగినప్పుడల్లా లోపల్లోపల దాన్ని క్షమించమని అడిగేదాన్ని.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఒక సంతోషం కూడా ఉంది. మా అన్నయ్యకి పెళ్ళై నాలుగేళ్ళైనా పిల్లలు లేరు. మామ్మ అప్పుడప్పుడూ గాలికి చెప్పినట్టుగా ఆ మాట అంటూ ఉండేది. కార్తీకం వచ్చేసరికి వదిన రెండు నెలలు వరసగా బయట చేరలేదు, పొద్దున్నే వాంతులు, పచ్చి మామిడి కావాలని అడగడం. మామ్మ స్వయంగా వడపప్పు పంచింది. వదిన మొహంలో ఒక ధైర్యం వచ్చింది, నూతి దగ్గర నాతో నవ్వుతూ కబుర్లు చెప్పేది. అంతకుముందు ఆ ఇంట్లో తను అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు.

మార్గశిరం మొదలై పది రోజులైందో లేదో, నాలుగో వరసలో ఆకులు ముడుచుకోవడం మొదలైంది. మూడు రోజుల్లో మూడు వరసలు పట్టుకుంది, పూత రాలిపోయింది. మామ్మ పసుపు నీళ్ళు చల్లింది, పొయ్యిలో బూడిద జల్లింది, దిష్టి తీసింది. ఆ మర్నాడు పొద్దున్న పెరట్లో నిలబడి, ఇంట్లో ఆడవాళ్ళందరినీ పిలిచి, ముట్టు కలిపింది ఎవరని అడిగింది.

అమ్మ లెక్క మామ్మకి తెలుసు, రోజులు తప్పితే అడిగే మనిషి ఆవిడే. నేను ఆవిడ దృష్టిలో పసిపిల్లని. మిగిలింది వదిన. మామ్మ వదిన వంక అలా చూస్తూ ఉండిపోయింది, ఆ చూపులో ఒక ఆలోచన మెల్లగా కుదురుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మొక్కలు అబద్ధం చెప్పవు కాబట్టి వదిన బయటైంది, అయి దాచింది. దాచిందీ అంటే కడుపు అన్నది నాటకం. ఇంతే ఆవిడ వాదన. దానికి తిరుగు లేదు ఆవిడ దృష్టిలో.

వదిన ఏడవలేదు. "నిజంగా నేను నెల తప్పేనండి మామ్మగారూ, మీ కాళ్ళు పట్టుకుని చెబుతాను" అంది. మంత్రసానిని పిలిపించారు. ఆవిడ పొట్ట తడిమి చూసి, ఇంకో నెల పోతేగాని గట్టిగా చెప్పలేనండీ ఆయ్, అనేసి వెళ్ళిపోయింది. ఆ నెల ఆగుదామని అమ్మ గొణిగింది. మామ్మ ఆగలేదు. శూన్యమాసం వస్తే పంపడానికి ఉండదు, పుష్యం రాకముందే పుట్టింట దింపి రమ్మని అన్నయ్యకి చెప్పింది. అన్నయ్య తల దించుకుని బండి కట్టాడు. వాడి మంచితనం గురించి ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారట. నాకు మాత్రం వాడి పేరు వింటే ముందు ఆ వంచిన మెడే గుర్తుకొస్తుంది.

నేను నోరు విప్పాల్సిన రోజు అది. గుమ్మంలో నిలబడి ఉన్నాను, నాలుక చివర మాట ఉంది. ఆ మాట అంటే వదిన ఇంట్లో ఉంటుంది, నా పలక అటకెక్కుతుంది. పన్నెండేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తెలుస్తుందని మీరు అనొచ్చు. అంతా తెలుసు నాకు, తెలిసే ఊరుకున్నాను. వదిన బండెక్కుతూ నా వంక చూసి, "బాగా చదువుకో అమ్మాయ్" అంది.

వాళ్ళది ముక్తేశ్వరం. అప్పటి గతుకుల రోడ్ల మీద ఎడ్ల బండిలో అది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రయాణం. పక్షం తిరక్కుండా వదిన నాన్నగారు వచ్చారు. అరుగు మీద కూడా కూర్చోకుండా, నిలబడే, ఇంటికి చేరిన నాలుగో రోజునే కడుపు పోయిందని చెప్పారు. మామ్మ లోపలి నుంచే, "ఉంటే కదండీ పోవడానికి" అంది. ఆయన మా ఇంట మంచినీళ్ళు ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ఆ వేసవిలో అన్నయ్యకి మళ్ళీ పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో దానికి అడ్డు లేదు.

అసలు ఘోరం ఇంకా చెప్పలేదు. వదిన వెళ్ళాక నీళ్ళు తోడడం కూడా నాదే అయింది. నాకు మళ్ళీ ఆ రోజులు వచ్చాయి, ఆ పై నెల మళ్ళీ వచ్చాయి. రెండుసార్లూ నేను ఆ వరసల మధ్య తిరిగాను. రెండోసారి కావాలనే, ఒక్కొక్క మొక్కనీ చేత్తో నిమిరాను. ఏమీ కాలేదు. సరికదా మాఘం వచ్చేసరికి ముడత విడిపోయి కొత్త ఆకు వేసింది, ఫాల్గుణానికి కాయ విరగకాసి ఎర్రబడింది. పాపిష్టిది పోయాక మొక్కలు తేరుకున్నాయని మామ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. నేను పక్కనే ఉన్నాను. మొక్కలకీ మా ఒంటికీ ఏ సంబంధమూ లేదని మా ఊళ్ళో తెలిసిన మనిషిని నేనొక్కర్తినే. ఆ పండుమిరపకాయలు చింతపండు వేసి రోట్లో తొక్కి కొరివికారం పెట్టారు. వేడన్నంలో నెయ్యి వేసుకుని నేనూ తిన్నాను, రుచిగానే ఉంది. అది తల్చుకుంటేనే నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది.

పరీక్ష పాసయ్యాను. వైశాఖంలో ఒక రోజు పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్ళి, ఇవాళే మొదలన్నట్టు చెప్పాను. చాప వేసి కూర్చోబెట్టి నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టారు, పేరంటాళ్ళు పాటలు పాడారు. మేనమామ పట్టుబట్టి ట్రైనింగుకి పంపించాడు, ఉద్యోగం వచ్చింది. ఏడెనిమిదేళ్ళు పోయాక ముక్తేశ్వరం దగ్గర స్కూలుకి వేశారు. ముక్తేశ్వరమంటే వదిన వాళ్ళ ఊరే.

చేరిన మొదటి ఆదివారమే వెళ్ళాను. వదిన వాళ్ళ తమ్ముడి ఇంటి వెనక కూర్చుని కొబ్బరి పీచుతో తాడు పేనుతోంది. ముప్ఫై కూడా నిండని మనిషికి జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి లేచి, పీట వేసి, "కూర్చోండి టీచరుగారూ" అంది. నన్ను మీరు అనడం అదే మొదటిసారి. అప్పుడు గబగబా, ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకున్నదంతా చెప్పేశాను. తను పీచు పక్కన పెట్టలేదు.

"నాకు అప్పుడే తెలుసండి" అంది. "మీ పరికిణీలు ఉతికింది నేనే గదండీ."

మరి ఎందుకు చెప్పలేదు వదినా అని ఏడ్చాను. "చెబితే మిమ్మల్ని స్కూలు మానిపించేవోరు. రెణ్ణెల్లు ఆగితే నా కడుపే చెబుద్ది గదా, ఇంకో రెణ్ణెల్లకి మీ పరీక్షా అయిపోద్ది గదా అనుకున్నానండి" అంది. తాడు మెలి సరిచూసుకుంటూ, "తెలిసిన దానికి నాకెందుకండీ చెప్పడం? తెలియనోళ్ళకి చెప్పండి" అంది.

అప్పటికి మామ్మ బతికే ఉంది. అన్నయ్యకి ఇద్దరు పిల్లలు. చెప్పెయ్యాలనే సెలవలకి ఇంటికి వెళ్ళాను. కొత్త వదిన కాళ్ళకి నీళ్ళిచ్చింది, పిల్లలు సంచీ పట్టుకు లాగారు, మామ్మ పెరట్లో వరసల మధ్య కూర్చుని కలుపు తీస్తోంది. ఈ ఇల్లు ఇప్పుడు ఇలా కుదురుకుంది, చెప్పి ఎవర్ని ఉద్ధరిస్తాను అనుకున్నాను. ఆ సెలవలు కాకపోతే పై సెలవలు అనుకున్నాను. మామ్మ పోయింది. అమ్మా నాన్నా పోయారు. వదిన పోయిందని, అన్నయ్య పోయాడని ఒకే ఏడాదిలో రెండు కార్డులు వచ్చాయి. అన్నయ్య కడదాకా మొదటి భార్య తనని మోసం చేసిందనే అనుకుంటూ పోయాడు.

టీచరుగా ఉన్నన్నాళ్ళూ, పెద్దమనిషి అయిందని స్కూలు మానిపించిన ప్రతి పిల్ల ఇంటికీ వెళ్ళి, తల్లిదండ్రులతో పోట్లాడి, వెనక్కి తీసుకొచ్చేదాన్ని. అందుకు నాకు సన్మానం చేసి శాలువా కప్పారు కూడా. ఆ పిల్లల్లో ఒక్కదానికైనా ఈ కథ చెప్పలేదు. ఇప్పుడు ఆ వసారాలు లేవు, వేరే చాపలు లేవు, ఆడపిల్లలు ఆ రోజుల్లోనే పరీక్ష హాల్లో మూడేసి గంటలు కూర్చుని రాసి వస్తున్నారు, ఎవరూ అడగరు. కాలం మారినందుకు సంతోషమే. కానీ అది మారేదాకా నోరు మూసుకు కూర్చున్న నాలాంటి వాళ్ళం దాన్ని మార్చాం అని చెప్పుకోవడానికి లేదు. నిజం తెలియాల్సిన వాళ్ళు తెలియకుండానే వెళ్ళిపోయారు. వదిన చెప్పమన్న తెలియనోళ్ళలో ఇక మిగిలింది మీరే. అందుకని మీకు చెబుతున్నాను: మా వదిన అబద్ధం ఆడలేదు.