వాకిట్లో సముద్రం

నా చిన్నప్పుడు కొన్నాళ్ళపాటు మా ఇంటి వాకిట్లో ఒక సముద్రం ఉండేది. సముద్రమంటే మరేం కాదు, మా అవ్వ నీలం చీర. మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. ఆ చీరను తూర్పు దడి పొడవునా పరిచి, గాలికి ఎగిరిపోకుండా అంచు మీద రాళ్ళు పెట్టి, దాన్ని సముద్రం చేసింది మా పక్కింటి అక్క. ఆ తర్వాత అసలు సముద్రం చూశాను, చాలాసార్లు చూశాను. అయినా ఆ మాట వినగానే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చీరే.

మాది మంచిర్యాల దగ్గర ఒక పల్లె. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయింది. మా బాపు బొగ్గుబాయిలో రాయి తొలిచే పని నేర్చినవాడు. విశాఖపట్నం అవతల కొండల్లో సొరంగాలు తొలిచి రైలుదారి వేస్తున్నారని విని, తెలిసిన మేస్త్రీ వెంట అక్కడికి వెళ్ళాడు. ఒకరోజు ఆయనతో పనిచేసే మనిషి ఒక్కడే తిరిగొచ్చి మా గడప ముందు నిలబడ్డాడు. బాపు కాలి మీద బండ పడింది, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఉన్నాడు అని చెప్పాడు. "కాలు ఉంచుడా, తీసుడా అని డాక్టర్లు చూస్తున్నరు వదినా. ఉంచాలంటే పక్కపొంటి ఇంటి మనిషి ఉండాలెనట. ఎవలన్న జల్ది పోవాలె" అన్నాడు.

బాపు తమ్ముడు, మా చిన్నబాపు, చలిజ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. ఇంట్లో మరో మగదిక్కు లేదు. మిగిలింది అవ్వ. అవ్వకు చదువు రాదు, మంచిర్యాల అంగడి దాటి ఎరగదు. చేనులో పాము కనబడితే కట్టె అందుకుని తనే కొట్టే మనిషి, ఆ రోజు పొయ్యి ముందు కూలబడి "నేనెట్ల పోవాలె? ఏడ దిగాలె? ఎవలనడగాలె?" అని ఏడ్చింది. అవ్వ ఏడవగా చూడటం నాకదే మొదలు.

ఆ ఏడుపు విని వచ్చింది పక్కింటి అక్క. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ పని నేర్చుకున్నది విశాఖపట్నంలోనే. తానే వెంట వద్దామనుకుంది గానీ జ్వరాల కాలం కావడంతో సెలవు దొరకలేదు. అక్క అవ్వను ఓదార్చలేదు. "గంపలు, కుండలు ఏమున్నయో తియ్యి చిన్నమ్మా. ఊరు కట్టుకుందాం" అంది.

మా ఇల్లు తూర్పు ముఖం. గడప రైలు టేషన్ అయింది. "పేరు విశాఖపట్నం అని ఉండదు, వాల్తేరు అంటరు. ఆ మాట ఇనవడంగనే దిగు. పొద్దుగాల దిగుతవు, సూర్యుడు మొకం మీద కొడుతడు. సూర్యుని దిక్కే పోవాలె" అంది అక్క. వాకిలి మధ్యలో ఉన్న రోలు పెద్దాసుపత్రి. రోలుకు ఒక చెక్క ఆనించింది, అది ఆసుపత్రికి ఎక్కే ఎత్తు. దాటి అటు దిగితే చీర. చీరకు దక్షిణపు కొసన వడ్లగంప బోర్లించి, దాని మీద బుడ్డిదీపం పెట్టింది. అది సముద్రంలోకి ముక్కు చాచిన పెద్ద కొండ, పైన ఓడలకు దారి చూపే దీపం. దానికి ఇవతల, ఓడలు లోపలికొచ్చే కాలువ పక్కన, మూడు కుండలు వరసగా బోర్లించింది. ఒక కొండ మీద వెంకటేశ్వరుడి గుడి, ఒక కొండ మీద దర్గా, ఒక కొండ మీద మరియమ్మ చర్చి. ఓడలో పోయేవాళ్ళు ఆ ముగ్గురికీ మొక్కి పోతారని అక్క చెబితే, అవ్వ ఏడుపు మరిచి ఆ కుండలకే దండం పెట్టింది.

ఆ ఊరి ఉపాయాలన్నీ అక్క దగ్గర ఉన్నాయి. పగటిపూట గాలి ముఖానికి తాకితే సముద్రం ముందున్నట్టు. దారి తప్పితే పల్లానికి దిగుతూ పోవాలి, నీళ్ళ ఒడ్డున తేలతాం. అక్కడ చేపలమ్మే ఆడవాళ్ళుంటారు, ఎవరినడిగినా చెబుతారు. చెమట ఆరదు, నీళ్ళలో చిటికెడు ఉప్పేసుకుని తాగాలి. మన మాట విని నవ్వుతారు, మనం కూడా నవ్వెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యమైనది రిక్షా సంగతి. "ఎత్తు కాడ రిక్షాయన దిగుమంటడు. మూట ఎత్తుకపోతడని పరేషాన్ గాకు. ఎత్తు తొక్కలేక దిగుమంటడు. దిగుమన్నడంటే ఆసుపత్రి అచ్చినట్టే."

అవ్వ అన్నిటికీ తల ఊపింది. కానీ అక్క వెళ్ళగానే "ఒక్క ముక్క మతికి లేదే బిడ్డా" అని నా ముఖం చూసింది.

అక్క గొప్పతనం నాకు మర్నాడు తెలిసింది. పొద్దున్నే నెత్తిన మూట, చేతిలో కర్ర పట్టుకుని, ముసలావిడలా నడుం వంచి మా గడప మీద నిలబడింది. "అమ్మా, నేను ఊరికి కొత్తగ అచ్చిన. పెద్దాసుపత్రికి తొవ్వెటు? జర చూపియ్యవా?" అని దీనంగా అడిగింది. అవ్వకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చెయ్యి పట్టుకుని బయలుదేరదీసింది. అక్క ఊరికే ఉంటుందా! కావాలనే పడమటికి తిరిగింది, కుండలను చూసి ఆసుపత్రి ఇదేనా అంది, చెక్క దగ్గర మూట వాటేసుకుని దొంగ దొంగ అని గోల చేసింది. అవ్వకు కోపమొచ్చింది. "నీ ఆగమే గాని, ఎత్తు తొక్కలేక దిగుమంటున్నడు! గాలి మొకానికి తాకుతలేదా? ఎందుకేడుస్తవు?" అని గదమాయించింది. ఆ మాట తన నోటి నుంచే రావడంతో అవ్వ టక్కున ఆగిపోయింది. అక్క నడుం నిటారు చేసి, మూట దించి, చిన్నగా నవ్వింది.

ప్రయాణమయ్యేదాకా ఆ ఆట రోజూ సాగింది. రోజూ అక్కే దారి తప్పేది, రోజూ అవ్వే దారి చూపేది. నేను రిక్షాను. ఇంటి చాకిరీ మధ్య అవ్వ ఆ వాకిట్లో ఎన్నిసార్లు తిరిగిందో! ఒక్క సముద్రం గురించి మాత్రం అక్క ఎక్కువ చెప్పలేదు. వెన్ను చూపొద్దు, గోదారిలా దోసిట్లో పట్టి నోట్లో పోసుకోవద్దు, అంతే.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. కాజీపేటలో ఒక బండి, బెజవాడలో ఒక బండి మారాం. వాల్తేరు అన్న కేక వినబడగానే అవ్వ మూట నెత్తికెత్తుకుని దిగేసింది. టేషన్ బయటికి రాగానే ఎండ ముఖాన కొట్టింది. అవ్వ ఆగలేదు, ఎవరినీ అడగలేదు. అలా నడిచే మనిషిని చూసి, గోడ పక్కన కళ్ళొత్తుకుంటున్న ఒక ముసలావిడ లేచి వచ్చింది. బొబ్బిలి వైపు పల్లెటూరి ఆవిడట. కోడలు పెద్దాసుపత్రిలో ఉందట, దారి తెలియదట. "ఈ ఊరేనా తల్లీ మీది?" అని అడిగింది.

అవ్వ ఒక్క క్షణం నా వైపు చూసింది. "మా వాకిట్లనే ఉంటది గీ ఊరు. ఏడువకు, నాతోటి రా" అంది.

ముగ్గురం ఒకే రిక్షా ఎక్కాం. కొంత దూరం పోయాక రిక్షా ఆగింది, దిగమన్నాడు. ముసలావిడ మూట గుండెకు హత్తుకుని బెంబేలెత్తింది. అవ్వ ముఖంలో వెలుగు నేను జన్మలో మరిచిపోను. "దిగు పెద్దమ్మా, ఆసుపత్రి అచ్చింది!" అంది. పైన నిజంగానే ఆసుపత్రి ఉంది.

బాపు కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూసి నమ్మలేక తలుపు వైపు చూశాడు. "ఎవలు తీస్కచ్చిండ్రే మిమ్ముల?" అన్నాడు. "నేనే అచ్చిన" అంది అవ్వ. బాపు అవ్వ చెయ్యి పట్టుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అవ్వ మాత్రం ఏడవలేదు, మూట విప్పి జొన్నరొట్టె తీసింది. ఇంటి మనిషి వచ్చింది కాబట్టి కాలు ఉంచి చూద్దామన్నారు డాక్టర్లు. అవ్వ రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉంది, కాలు నిలిచింది. బాపు బతికినన్నాళ్ళూ కొంచెం కుంటుతూ నడిచాడు గానీ, ఆ కాలితోనే చేను దున్నాడు, నా పెళ్ళికి పందిరి గుంజలు పాతాడు.

గండం గడిచిందన్న సాయంత్రం అవ్వ నన్ను పల్లానికి దింపి ఒడ్డుకు తీసుకుపోయింది. గంప ఉండాల్సిన చోట కొండ, కుండలుండాల్సిన చోట మూడు గుట్టలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చీర ఉండాల్సిన చోట మాత్రం కనుచూపు మేరా నీళ్ళే. అవ్వ అలవాటు కొద్దీ గోదావరికి వేసినట్టు ఒక రాగి బిళ్ళ విసిరింది. అల దాన్ని తెచ్చి మళ్ళీ అవ్వ కాళ్ళ దగ్గరే పడేసింది. అవ్వ దాన్ని తీసి కళ్ళకద్దుకుంది.

ఇంటికి తిరిగొచ్చాక అవ్వ, ఒడ్డున ఏరిన గుల్లలు అక్క ఒడిలో పోసి, "నువ్వు జెప్పినయన్ని ఉన్నయి బిడ్డా. చీర ఒక్కటే సాలలే" అంది. "అది జెప్పొస్తదా చిన్నమ్మా!" అని అక్క పకపకా నవ్వింది.

భయపడ్డవాళ్ళకు ధైర్యం చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. భయపడ్డ మనిషిని ఇంకొకరికి దారి చూపేలా చేసినవాళ్ళను అక్క తర్వాత చూడలేదు. నిరుడు నా మనవరాలికి మస్కట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. చేతిలో ఫోను, ఫోనులో లోకమంతా ఉంది. అయినా రేపు ప్రయాణమనగా ముద్ద దిగక, గది మూలన కూర్చుంది. నేను లేచి పెట్టె అడుగు నుంచి అవ్వ నీలం చీర తీశాను. చిరుగులు పడింది గానీ రంగు పోలేదు. దాన్ని వాకిట్లో పరిచి, నెత్తిన మూట పెట్టుకుని గడప మీద నిలబడ్డాను. నడుం వంచాల్సిన పని లేదు, అదెప్పుడో వంగింది.

"బిడ్డా, నేను ఊరికి కొత్తగ అచ్చిన. జర తొవ్వ చూపియ్యవా?"