ఒడిల్ ఊడబీకించిన వైర్లు

ఒడిల్ లశోమ్‌కి కోపం వస్తే గడప మీద పడుకున్న పిల్లులు కూడా లేచి పోతాయని వాల్‌మొరె ఊళ్లో చెప్పుకునేవారు. ఫ్రాన్సులోని క్రజ్ ప్రాంతపు రాతి ఇళ్ల మధ్య ఆమె చాలా ఏళ్లుగా కరెంటు పని చేస్తోంది. తండ్రి పోయాక వ్యాను, నిచ్చెన, డ్రిల్లు, తమ్ముడు రెజిస్, అన్నీ ఆమె పాలికే వచ్చాయి. మొదట్లో ఆడమనిషి నిచ్చెనెక్కడమేమిటని నవ్విన రైతులే తర్వాత రేడియో పలక్కపోయినా ఆమెకే ఫోను చేసేవాళ్లు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చేసుకుంటే ఇంకో కొంపకి కూడా ఊరికే వైరింగు చెయ్యాలిగా!" అనేది.

అయితే ఆ ఏడు ఫిబ్రవరిలో ఆమెకు వచ్చిన కోపం ఊరివాళ్లు అంతకు ముందెన్నడూ చూడనిది.

ఊరి చివర పాత ధాన్యపు కొట్టాన్ని ఒక ఇంగ్లీషు జంట కొని ఇల్లుగా మార్చుకున్నారు. వాళ్లు లేనప్పుడు తాళంచెవి ఒడిల్ చెల్లెలు జోజియాన్ దగ్గర ఉండేది. యజమానులు వస్తున్నారని కబురందితే ముందుగా వెళ్లి దుప్పట్లు దులిపి, హీటర్లు వేసి, ఇల్లు వెచ్చబరిచి రావడం ఆమె పని. ఆ ఉదయం వాకిట్లో బకెట్‌లోని నీళ్లు కూడా గడ్డకట్టాయి. జోజియాన్ కింది గదుల్లోని హీటర్లన్నీ సాకెట్లకు తగిలించి, పైకి వెళ్లి మంచాలు సర్దుతోంది. కాసేపటికి చేప మాడినట్టు వాసన వచ్చింది. ఆ ఇంట్లో చేపలెక్కడివి అనుకుంటూ దిగి చూస్తే, బీరువా పక్కన సాకెట్‌లోంచి పొగ వస్తోంది. కంగారులో మెయిన్ ఆపాలని తోచలేదు. ప్లగ్గు పట్టుకుని లాగింది. అది ఊడి రాలేదు సరికదా, కరిగిన ప్లాస్టిక్ అరచేతికి అంటుకుపోయింది.

ఊళ్లోని ఫైరింజను వాళ్లు వచ్చేలోపు గోడలోని గడ్డి, మట్టి పూత రాజుకుని ఒక పక్కంతా నల్లబడింది. ఇల్లు నిలిచింది. జోజియాన్ కుడిచేతి తోలు మాత్రం నిలవలేదు. ఆ చేత్తోనే ఆమె రోజూ మేకల పాలు పితికి జున్ను చేసేది.

చెల్లెల్ని ఆసుపత్రిలో చేర్చి, ఒడిల్ తిన్నగా ఆ ఇంటికే వెళ్లింది. ఫ్యూజు బోర్డు మూత తీసి చూసి పళ్లు కొరికింది. ఫ్రాన్సులో ఏ ఇంట్లోనైనా బోర్డు నుంచి కొమ్మల్లా వేర్వేరు వైర్లు బయలుదేరతాయి. ఒక్కో కొమ్మకు, బరువెక్కువైతే కరెంటు ఆపేసే ఓ చిన్న బ్రేకరు, కొన్నే సాకెట్లు. గోడలో వైరుకు గొట్టం తొడుగు తప్పనిసరి. ఇక్కడ కింది గదులన్నిటికీ కలిపి ముప్పై రెండు ఆంపియర్ల బ్రేకరు ఒక్కటే ఉంది. గొట్టం లేకుండా బూడిదరంగు బల్లపరుపు వైరు నేరుగా గోడపూతలోకి దిగిపోయింది. ఇది ఎవరి పనో అడగక్కర్లేదు. పక్క ఊళ్లో కాపురం పెట్టిన నెవిల్ అనే ఇంగ్లీషు ఎలక్ట్రీషియన్‌ది. ఇంగ్లండులోని లీడ్స్‌లో జీవితమంతా అదే పని చేసి వచ్చినవాడు. చుట్టుపక్కల ఇంగ్లీషు వాళ్ల ఇళ్లన్నిటి వైరింగూ అతనిదే.

ఒడిల్ వ్యాను వెళ్లి ఆగేసరికి నెవిల్ పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. ఫ్రెంచి మాట్లాడేటప్పుడు ఎవర్నైనా 'మీరు' అనడం ఒక్కటే వచ్చు అతనికి. ఒడిల్ కుక్కను కూడా "మీరు లోపలికి దయచేయండి" అనేవాడు.

"దిగండి మేడమ్, కాఫీ..."

"నీ కాఫీ తగలెయ్య! నా చెల్లెలి చెయ్యి కాల్చావు, తెలుసా?"

విషయం విన్నాక అతని చేతిలోంచి గొడ్డలి జారింది. ఒడిల్ ఆగలేదు.

"ఆ వైరుకి మేము ఇరవై దాటనివ్వం. నువ్వు ముప్పై రెండు పెట్టావు. ఎవడిచ్చాడు నీకు ఆ హక్కు?"

"అది వలయం మేడమ్. వైరు బోర్డు నుంచి వెళ్లి, సాకెట్లన్నీ తిరిగి మళ్లీ బోర్డుకే వస్తుంది. కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది. సగం ఇటు, సగం అటు. మా దేశంలో ఇళ్లన్నీ ఇలాగే ఉన్నాయి. మేమేమీ కాలిపోలేదు."

"మీ ప్లగ్గులో ఫ్యూజు ఉంటుంది. మా ప్లగ్గులో ఉంటుందా?"

నెవిల్ వంగి, కిందపడ్డ గొడ్డలిని మొద్దుకు ఆనించాడు.

"చెప్పు! ఫ్రెంచి సాకెట్లు, ఫ్రెంచి ప్లగ్గులు, ఇంగ్లీషు వైరింగు. మీ దాంట్లో సగం, మా దాంట్లో సగం కలిపి వండావు. తిన్నది నా చెల్లెలు."

"సాకెట్లు ఇక్కడివే పెట్టమని ఇంటివాళ్లు అడిగారు. అది నా తప్పే. ఒప్పుకుంటాను. కానీ ఆ సాకెట్ కరగడానికి కారణం ఇంకేదో ఉంది. మీరు నన్ను కొట్టండి, ముందు మాత్రం నన్ను అక్కడికి తీసుకెళ్లండి."

ఒడిల్ అతన్ని వ్యానెక్కించుకుని ఆ ఇంటికి తీసుకెళ్లింది.

నెవిల్ మెయిన్ ఆపి, బోర్డు నుంచి వలయపు రెండు కొసలూ విప్పి మీటరు పెట్టాడు. మీటరు పలకలేదు. "తెగింది," అన్నాడు మెల్లగా. "ఎక్కడో వలయం తెగింది. రెండు వైపుల నుంచి రావాల్సిందంతా ఒక్క వైపు నుంచే వచ్చింది. అన్ని హీటర్ల బరువూ బీరువా పక్కనున్న ఆ మొదటి సాకెట్ మీదుగానే పోయింది. సాకెట్లన్నీ పని చేస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు."

"ఎవరికీ తెలియకుండా తెగేదాన్నా ఇంట్లో పెట్టావు?"

అతను ఒక్కో సాకెట్ విప్పుకుంటూ పోయాడు. వంటింట్లో గిన్నెలు కడిగే మిషను వెనక సాకెట్ విప్పగానే ఇద్దరూ ఆగిపోయారు. అక్కడికి రావాల్సిన రెండు వైర్లలో ఒకటి కత్తిరించి ఉంది. కొసను రెండు మడతలు వేసి, నల్ల టేపు గట్టిగా చుట్టి, టేపు చివరను లోపలికి దోపారు. చాలా శుభ్రమైన పని.

ఒడిల్ ఆ మడతను గుర్తుపట్టింది. అలా మడవడం తండ్రి నేర్పింది ఇద్దరికే. అందులో ఒకరు తను. కిందటి శరదృతువులో తను మోకాలి ఆపరేషన్‌తో మంచం మీద ఉంటే, మిషను కోసం సాకెట్ జరపడానికి ఆ ఇంటికి వెళ్లింది రెజిస్.

రెజిస్‌ను ఫోన్ చేసి రప్పించింది. వాడు టోపీ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది నువ్వు కోసిందేనా?"

వాడు తొంగి చూశాడు. "ఆఁ. రెండు వైర్లున్నాయి. ఒకటి తీసినా అన్నీ పని చేశాయి. ఎక్స్‌ట్రా అనుకున్నా."

"ఎక్స్‌ట్రా వైరు గోడలో ఎవడు పెడతాడ్రా?"

"ఇంగ్లీషోళ్లు పెడతారేమో అనుకున్నా."

ఒడిల్ విసిరిన స్క్రూడ్రైవరు గోడకు తగిలి కింద పడింది. "అనుకున్నావా! ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాడివి, మీటరు పెట్టి చూడాలని మాత్రం అనుకోలేదా? జోజియాన్ చెయ్యి చూశావా నువ్వు? నేను చూశాను. కట్టు కట్టేటప్పుడు చూశాను!"

నెవిల్ దగ్గి, "మీ తమ్ముడు పరీక్ష చేసుంటే..." అని మొదలుపెట్టాడు.

"నువ్వు నోర్మూయ్! బోర్డు మీద ఒక్క ముక్క రాశావా, ఇది వలయం, కొయ్యొద్దు అని? ఈ ఊళ్లో ఎవడికి తెలుసు మీ వలయం గురించి? వీడు కోశాడు, నిజమే. కోసేవాడి చేతికి కత్తెర ఇచ్చి కళ్లకు గంతలు కట్టింది నువ్వు."

ఆ వారమంతా ఆమె ఆ ఇంటి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని ఇద్దరి చేతా వైర్లు ఊడబీకించింది. గోడపూత పగలగొట్టి గజం గజం లాగుతుంటే దుమ్ములో దగ్గుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పని చేశారు. తిరిగి గొట్టాల్లో వేర్వేరు కొమ్మలు వేసి, ఒక్కో దానికి బ్రేకరు పెట్టింది మాత్రం తనే. వాళ్లను ముట్టుకోనివ్వలేదు. యజమానులు వచ్చి దండాలు పెట్టి, భోజనానికి పిలిస్తే వెళ్లలేదు.

జోజియాన్ ఇంటికి వచ్చాక, పరామర్శకని వెళ్లిన అక్కా తమ్ముడూ ఆమె వంటింట్లోనే మళ్లీ అరుచుకోవడం మొదలుపెట్టారు. ఆమె కట్టు చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఇంక ఆపండి. తప్పెవరిదో తేల్చేసరికి మేకల పొదుగులు పగిలిపోతాయి. పాలెవరు పితుకుతారు?"

రెజిస్ లేచి మేకల కొట్టంలోకి వెళ్లాడు. వాడికి పితకడం రాదు. ఆ సాయంత్రం మేకలు వాణ్ని రెండు చోట్ల తన్నాయి. అయినా మర్నాడు వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. ఎండాకాలానికి వాడి చేతులు కుదిరాయి. జోజియాన్ చేతికి తోలు అతికించారు గానీ, రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. జున్ను అచ్చులో నొక్కే పని ఆమె ఎడమచేత్తో నేర్చుకుంది.

నెవిల్ వైరింగు చేసిన ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. ఎక్కడ ఏం వేశాడో అతనికి తప్ప తెలియదు, ఇక్కడి పద్ధతిలో మార్చడం ఒడిల్‌కి తప్ప చేతకాదు. కాబట్టి ఒకే వ్యానులో ఇంటింటికీ తిరిగారు. కొందరు ఇంగ్లీషు వాళ్లు "బానే పనిచేస్తోంది కదా, ఎందుకు?" అని గుమ్మంలోనే నిలదీసేవారు. నెవిల్ వాళ్ల భాషలో జోజియాన్ చెయ్యి గురించి చెప్పేవాడు. అప్పుడు దారిచ్చేవారు.

ఒక ఇంట్లో అతను వలయపు కొసలు విప్పుతూ, "మేడమ్, ఇది మాత్రం తెగలేదు. చూడండి, చక్కగా ఉంది," అన్నాడు ఆశగా.

ఒడిల్ వంగి చూసింది. నిజంగానే చక్కగా ఉంది. తండ్రి చూసుంటే మెచ్చుకునేవాడు. ఆ సంగతికే ఆమెకు మరింత ఒళ్లు మండింది.

"పీకు," అంది.