మోచేతికి ఎక్కిన పట్టీ

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను మా మోటారు పంపుల ఫ్యాక్టరీలో రెండో లైన్‌కు సూపర్‌వైజర్‌గా వేశారు. ఫ్యాక్టరీ కరీంనగర్ శివార్లలో ఉండేది. నేను చొప్పదండి నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఏడో తరగతి దాటని నాకు ఆ కుర్చీ దొరికిందని ఇంట్లో సంబరపడ్డారు. ఆ లైన్‌కే రోబో చేతులు వస్తున్నాయని, వాటి గోలంతా నా నెత్తిన పడుతుందని ఎవరికి తెలుసు?

రోబో అంటే మనిషి బొమ్మ అనుకునేరు. అదొక ఇనుప చెయ్యి, అంతే. బరువైన మోటారు బాడీని ఎత్తి బల్ల మీద దించుతుంది. మనిషి పక్కనే నిలబడి బోల్టులు బిగిస్తాడు. నడుమ కంచె ఉండదు. అందుకని పనివాళ్ళకు మణికట్టుకు పెట్టుకొమ్మని గడియారంలాంటి పట్టీలు ఇచ్చారు. చెయ్యి దగ్గరికి పోతే పట్టీ అదురుతుంది, రోబో నెమ్మదిస్తుంది. ఇంకా దగ్గరికి పోతే ఆగిపోతుంది.

ఆగడం దానికి బాగా వచ్చు. ఒకరు చెమట తుడుచుకుంటే ఆగేది, ఇంకొకరు కింద పడ్డ స్పానర్ తీసుకుంటే ఆగేది. మేనేజరు నన్ను తిట్టేవాడు, నేను ఇంజనీరు ప్రాణం తీసేదాన్ని. నర్సయ్య, ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర మాత్రమే అది ఆగకుండా నడిచేది. నర్సయ్య సిరిసిల్లలో ఏండ్ల తరబడి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి వచ్చిన మనిషి. "నర్సన్నను జూసి నేర్సుకోండ్రి" అని మిగతావాళ్ళకు చెప్పేదాన్ని కూడా.

ఒకరోజు ఆయన బల్ల మీద వాషర్ సర్దుతున్నాడు. పైనుంచి మోటారు బాడీ ఆగకుండా దిగుతూనే ఉంది. అరుస్తూ పోయి ఎర్ర బటన్ మీద గుద్దాను. ఆగింది. నర్సయ్య చేతితొడుగు కొసలు బాడీ కింద ఇరుక్కున్నాయి. వేళ్ళు మాత్రం ఎట్లాగో లోపలి నుంచి లాక్కున్నాడు.

"పట్టీ ఏడ వెట్టినవ్ నర్సన్నా?"

"ఉన్నది గదక్కా," అంటూ చొక్కా చెయ్యి పైకి లాగాడు. పట్టీ మోచేతి మీద ఉంది! పట్టీ దూరంగా ఉంది కాబట్టి చెయ్యి కూడా దూరంగానే ఉందని రోబో లెక్క. వేళ్ళేమో మూరెడు ముందుకు పోతున్నాయి.

"మణికట్టుకు వెట్టుమంటే గంత మీదికి ఎందుకెక్కిచ్చినవే?"

"సాంచెల కాడ మణికట్టుకు పోగు సుత ఉంచుకోమక్కా. మా బామ్మర్ది గడియారం వెట్టుకొని వోతె అది సాంచె బెల్టు పట్టాల చిక్కి చెయ్యే నుజ్జయింది. నన్ను సంపినా ఆడ వెట్ట."

లైన్ ఆపి అందరినీ చొక్కా చేతులు మడవమన్నాను. సాంచెల నుంచి వచ్చినవాళ్ళ పట్టీలన్నీ మోచేతుల మీదే ఉన్నాయి. తల బాదుకోవడం ఒక్కటే తక్కువ.

అందరూ పట్టీ పెట్టుకున్నట్టే రోబో మీది పచ్చలైటు చూపిస్తోందని ఇంజనీరు అన్నాడు. మణికట్టుకు పెట్టుకోనివాళ్ళను తీసేసి వేరేవాళ్ళను తెమ్మని మేనేజరు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ పట్టీ దేనికైనా చిక్కి లాగితే ఊడుతుందా అని అడిగాను. ఇద్దరికీ తెలియదు. అక్కడే గోడ కొక్కేనికి తగిలించి లాగించాను. కొక్కెం వంగింది గానీ పట్టీ ఊడలేదు. లాగితే ఊడే పట్టీలు వచ్చేదాకా రోబోను నడపనని చెప్పేశాను. అంతవరకు బాడీలను పాత చైన్ పుల్లీతో ఎత్తించాను.

"లైన్ ఆపుడు నీ ఇష్టమేనా అమ్మా?" అని మేనేజరు ఎగిరాడు.

"నర్సన్న వేళ్ళు మీ ఇష్టమా సార్?" అన్నాను.

అతికించుకునే రకం పట్టీలు వచ్చాయి. నర్సయ్య ఒకటి తీసుకుని తానే కొక్కేనికి తగిలించి లాగాడు. ఊడింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఊడింది. అప్పుడు మణికట్టుకు పెట్టుకున్నాడు.

"గీ ముచ్చట ముందుగాల్నే అడగొద్దా అక్కా?"

"నువ్వు ముందుగాల జెప్పినవా మరి? గమ్మున బోల్టు బిగియ్యి."

భద్రత కోసం ఇచ్చిన వస్తువును మనిషి పక్కకు నెట్టాడంటే, పాత పనిలో నేర్చుకున్న భద్రత ఏదో దానికి అడ్డం వస్తోందన్నమాట. విడివిడిగా రెండూ సరైనవే. కలిస్తేనే చెయ్యి పోయేది. రిటైరయ్యేదాకా, కొత్తవాళ్ళకు పట్టీ ఇచ్చే ముందు ఇదివరకు ఏ పని చేశారో, ఆ పనిలో ఒంటిమీద ఏం ఉండకూడదో అడిగాను. అడిగి ఊరుకోలేదు, చొక్కా చేతులు కూడా మడిపించి చూశాను.