మూడో పిలుపు

కోర్టులో అందరినీ పేరు పెట్టి పిలిచేది ఆయనే. ఆయన్ని మాత్రం పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ప్లీడర్లకు ఆయన కంచుకంఠం, గుమాస్తాలకు పెద్దాయన. పిలుపు బంట్రోతుగా చేరిన కొత్తలో ఆ గొంతు విని లోపల జడ్జిగారే ఉలిక్కిపడ్డారని చెప్పుకుంటారు. అందులో నిజమెంతో గానీ, ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన మీసం కింద నవ్వుకునేవాడు.

పని చూడబోతే చిన్నదే. గుమాస్తా కేసు చదవగానే గుమ్మంలో నిలబడి, వరండా వైపు తిరిగి, మనిషి పేరు మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపుకీ పలక్కపోతే రానట్టే లెక్క. బెయిలు మీద తిరుగుతున్నవాడైతే వారెంటు, ఆ పైన జైలు. అయితే రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ నడుమ ఎంతసేపు ఆగాలో ఏ చట్టంలోనూ రాసి లేదు. ఆయన దయాధర్మమంతా ఆ సందులోనే ఉండేది. రాని దగ్గు దగ్గేవాడు. వరండా చివర కుండ దాకా తాపీగా నడిచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేవాడు. ఈలోగా మెట్లెక్కలేని ముసలమ్మో, బస్సు తప్పిపోయిన కూలివాడో రొప్పుకుంటూ వచ్చి బోనెక్కేవారు. జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తేవారు కాదు. తెలిసీ తెలియనట్టుండడం కూడా ఒక మంచితనమే.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. ఆయన బామ్మర్ది రొట్టెల బండి డ్రైవరు. మలుపులో ఒక సైకిలతనికి బండి తగిలించి కాలు విరగ్గొట్టాడు. తనే ఎత్తుకెళ్ళి ఆసుపత్రిలో చేర్చాడు, తనే పోలీసులకు చెప్పాడు, బెయిలు మీద బయట ఉన్నాడు. వాడి కేసు వాయిదా రోజే ఒక సినిమా హీరోగారి వాయిదా కూడా పడింది. ఆయన కారూ ఒక మనిషిని గుద్దింది. కాకపోతే ఆగలేదు.

పొద్దున్నే గుమాస్తా పరాచికమాడాడు. "ఇవాళ మీ బామ్మర్ది కేసుందిగా. నీళ్ళు గట్టిగా తాగుతావేమో, కుండ నింపించమంటావా?"

నలుగురూ నవ్వారు. ఆయనా నవ్వాడు గానీ, మాట ముల్లులా దిగబడింది. ఇన్నేళ్ళూ ఎవరిచేతా వేలెత్తి చూపించుకోలేదు. ఇవాళ ఒక్క గుక్క నీళ్ళు తాగితే, ఇన్నాళ్ళు తాగిన నీళ్ళన్నీ చుట్టరికం కిందికే పోతాయి.

ముందు హీరోగారి కేసు వచ్చింది. అలవాటు కొద్దీ ఆయన గుమ్మంలోకి నడిచాడు. గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టి, "ఆయన్ని పిలవకు. వచ్చాక చూద్దాం, పక్కన పెట్టాం" అన్నాడు. తర్వాతి కేసు బామ్మర్దిది.

మొదటి పిలుపు. వరండాలో ఎవరూ కదల్లేదు. గేటు బయట హీరోగారి కోసం మూగిన జనం గోల చేస్తున్నారు. వీడెప్పుడూ ఇంతే, పెళ్ళికీ ఆలస్యమే, చావుకీ ఆలస్యమే అనుకున్నాడు. రెండో పిలుపు. వెనక నుంచి గుమాస్తా చూస్తున్నట్టు వీపుకి తెలుస్తోంది. కాళ్ళు కుండ వైపు లాగాయి, ఆయన కదలనివ్వలేదు. ఊపిరి కూడా తీసుకోకుండా మూడోసారి పిలిచేశాడు.

వారెంటు రాయడం అయిపోయింది.

ఇంకాసేపటికి హీరోగారు జడ్జిగారి గది పక్క దారిన వచ్చారు. ఎవరో కుర్చీ వేశారు. పిలవకుండానే కేసు నడిచింది, కొత్త వాయిదా పడింది, ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వెళ్ళిపోయారు. అప్పుడు గానీ గేటు తెరవలేదు. తెరవగానే పరిగెత్తుకొచ్చాడు బామ్మర్ది, చొక్కా చిరిగి, చెమటలు కారుతూ. కానిస్టేబులు వరండాలోనే చెయ్యి పట్టుకున్నాడు.

కోర్టు వెనక ఖైదీల గది ఊచల దగ్గరికి ఆయన వెళ్ళాడు. తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఆ హీరో వస్తున్నాడని పొద్దున్నుంచీ గేటు మూసేశారు బావా" అన్నాడు బామ్మర్ది. "నీ పిలుపు గేటు దాకా వినబడింది. మూడుసార్లూ వస్తున్నానని అరిచాను. ఆ గోలలో నా అరుపెవడు వింటాడు."

తను నిజాయితీ అనుకున్నది ఇంకేమీ కాదు, నలుగురి నోటికీ జడవడం. ఆయనకి సిగ్గు వేసింది.

తిన్నగా జడ్జిగారి గదికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో తన సొంత మాట చెప్పడానికి ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

"గేటు మూసుందండి. మావాడు బయటే ఉన్నాడు. నేను ఆగకుండా పిలిచేశానండి."

"మూడుసార్లు పిలవాలి, పిలిచావు. నీ తప్పేం లేదు" అన్నారు జడ్జిగారు.

"హీరోగారిని ఒక్కసారి కూడా పిలవలేదండి."

గుమాస్తా ముఖం పాలిపోయింది. జడ్జిగారు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "రేపు పిటిషన్ వెయ్యమను, చూస్తాను" అన్నారు. ఆయన కళ్ళలోకి మాత్రం చూడలేదు.

చూస్తానన్నది గొప్పే. కానీ ఆ రాత్రి జైల్లో పడుకోవాల్సింది బామ్మర్దే. వాడి బండి తాళాలు బేకరీ యజమాని సాయంత్రానికే ఇంకొకరికి ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చి భార్యకి అంతా చెప్పాడు, గుమాస్తా పరాచికంతో సహా, ఏదీ దాచకుండా. ఆవిడ ఏడవలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"రేపు పిలిచేదీ మీరేనా?" అని అడిగింది.

"నేనే. ఈసారి ఎంతసేపైనా ఆగుతాను" అన్నాడు.

"ఆగక్కర్లేదు లెండి" అందావిడ. "రేపు వాణ్ణి పోలీసులే వేళకి తీసుకొస్తారు."