కాలువ గట్టు మీద ఎక్కి చూసిన సైకిలు

మా ఇంట్లో మగవాళ్లు దేన్నీ ఎక్కి చూసి కొనరు. కొన్న తరువాతే ఎక్కుతారు. ఇది మా తాత కాలం నుంచి ఉన్న కట్టుబాటు. వ్యాపారి గుర్రాన్ని మా వాకిట్లోకి తెచ్చి నిలబెట్టాలి, అతని మనిషే దాన్ని ఎక్కి అటూ ఇటూ నడిపించాలి, మా తాత అరుగు మీద కూర్చుని చూడాలి. నచ్చితే తల ఊపేవాడు, లేకపోతే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. ఎక్కి దిగి, కొనకుండా వదిలేస్తే, ఫలానా ఇంటాయనను గుర్రం ఒప్పుకోలేదట అని బనగానపల్లె దాకా చెప్పుకుంటారని ఆయన భయం. మా నాయన జీపును కూడా అట్లాగే కొన్నాడు. గుర్రాలు పోయాయి, జీపు పోయింది, పొలాలు పోయాయి. ఆ అరుగును జెరాక్స్ షాపుకు బాడుగకు ఇచ్చాం. కట్టుబాటు మాత్రం నా దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. నేను దాన్ని ఎన్నడూ బరువనుకోలేదు. మిగిలినదాన్ని మనిషి జాగ్రత్తగానే చూసుకుంటాడు.

నేను ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. కొన్నేళ్ల కిందట రోడ్ బైకు మీద మనసు పడి, నంద్యాలలో సైకిళ్ల షాపు నడిపే మిత్రుడికి ఫోను చేశాను. డిగ్రీలో ఒకే బెంచీవాళ్లం. ఏ సైజు పంపాలని అడిగాడు. అందులో అడగడానికేముంది, ఉన్నవాటిలో పెద్దది పంపమన్నాను. మా ఇంటి గుర్రాలు ఎప్పుడూ ఊళ్లో అందరి గుర్రాల కన్నా ఎత్తుగానే ఉండేవి. సైకిలు లగేజీ ఆటోలో వచ్చింది. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, వేలు మందం టైర్లు. కూర్చుంటే హ్యాండిలు పక్క వీధిలో ఉన్నట్టుండేది. రోడ్ బైకంటే ఇట్లాగే ఉంటుంది కాబోలని చేతులు చాచి, మెడ ఎత్తి, తొక్కడం మొదలుపెట్టాను.

ఊళ్లో మాత్రం ఎన్నడూ వంగలేదు. హ్యాండిలు పైభాగాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని, నిటారుగా కూర్చుని దాటేవాణ్ని. రోడ్డు పక్క షెడ్లలో రాయి చెక్కే శిల్పులు ఉలి ఆపి చూసేవాళ్లు. అయ్యవారు రెండు దినాలు అట్లే కదలకుండా కూర్చుంటే మాకు నమూనా ఖర్చు తప్పుతుందని ఒకాయన అన్నాడు. అది మెచ్చుకోలు కిందే తీసుకున్నాను. ఊరు దాటినాకే వంగేవాణ్ని. శిరివెళ్ల వైపు తెల్లవారుజామున ఆ నున్నటి రోడ్డు మీద, వెనక నుంచి గాలి తోస్తుంటే, చక్రాల కింద నేల ఉందో లేదో తెలియనంత తేలికగా పోయేది బండి.

అయినా నా కళ్లు తూర్పు వైపే పోయేవి. దారి పొడవునా నల్లమల కొండలు వెంట వస్తూనే ఉంటాయి. వాటి వైపు తిరిగే మట్టి బాటలు ఎన్నో. శనగ చేల మధ్యగా, తుమ్మచెట్ల కింద నుంచి, ఎటు పోతాయో తెలియకుండా వంపు తిరిగి మాయమవుతాయి. సన్న టైర్ల మనిషికి తారురోడ్డు అంచే ఊరి పొలిమేర. ప్రతి బాట దగ్గరా వేగం తగ్గించి, లోపలికి తొంగి చూసి, పరాయివాళ్ల పెళ్లి పందిరి ముందు నుంచి పోయినట్టు పోయేవాణ్ని.

ఇంతలో నడుము ఎదురు తిరిగింది. మొదట మెడ, తరువాత వీపు, చివరికి చెప్పుల కోసం వంగినా కళ్లు తిరిగేంత నొప్పి. నంద్యాలలో ఎముకల డాక్టరు సైకిలు ఫోటో చూపించమన్నాడు. చూసి, ఇది మీకన్నా పొడుగైనవాడి సైకిలన్నాడు. ఇక దాన్ని ముట్టుకోవద్దు, తొక్కాలని అంత ఉంటే ఒంటికి సరిపోయేది, నిటారుగా కూర్చునేది ఒకటి చూసుకోండి, దానితో కూడా నొప్పి వస్తే ఇక సాయంత్రం నడకే అని చెప్పాడు. కాలేజీ గ్రౌండులో చేతులు ఊపుకుంటూ గుండ్రంగా తిరిగే పెద్దమనుషులు నా కళ్ల ముందు కదిలారు. వాళ్లు చక్కెర వ్యాధి గురించి తప్ప మరొకటి మాట్లాడుకోరు.

మా ఇంటావిడ డాక్టరు కన్నా కచ్చితంగా చెప్పింది. "పొయ్యేటప్పుడు రాజా మాదిరి పోతారు, వచ్చినాంక నాతో నూనె రాపిచ్చుకుంటారు. ఈసారి గూడా ఇట్లే అయితే దాన్ని జెరాక్సాయనకు ఇచ్చేస్తా. ఆయన నన్ను అడగనే అడిగినాడు."

అంటే ఇదే ఆఖరి సైకిలు. సరిపోతే కొండల దాకా పోవచ్చు, లేకపోతే గ్రౌండు చుట్టూ. మౌంటెన్ బైకే తీసుకోవాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఎట్లాగూ చివరిదే అయినప్పుడు, తొంగి చూసిన బాటల్లోకి పోయి చూద్దామనిపించింది.

పరీక్షకు చదివినట్టు చదివాను. ముందు చక్రానికి కుదుపు మింగే షాకులుంటే చాలు, వెనక అక్కర్లేదు. బ్రేకులు డిస్కువి కావాలి. అన్నిటికన్నా ముఖ్యం టైరుకూ, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుకూ మధ్య ఖాళీ. మా నల్లరేగడి తడిస్తే చక్రానికి అట్టలు కట్టి బండిని ఉన్నచోటే పాతేస్తుంది. ఇన్ని తెలిసిన నేను నంద్యాలలో బస్సు దిగి మిత్రుడి షాపులోకి పోయి చేసిన మొదటి పని, ఒక్కొక్క సైకిలునూ ఒంటిచేత్తో పైకెత్తి బరువు చూడటం. రోడ్ బైకువాడు సైకిలును ముందు చూడడు, ఎత్తుతాడు.

నల్లది, ఎత్తైనది ఒకటి నాకు నచ్చింది. దాన్ని ఇంటికి పంపమన్నాను. మిత్రుడు టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఈసారి పంపనప్పా. ఎక్కి చూసినోనికే అమ్ముతా. నీ నడుము ఉసురు నాకెందుకు?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నిన్ను నమ్మే కదా పోయినసారి ఒంటె అంతది పంపిచ్చింది."

బజార్లో ఎక్కి దిగే అలవాటు మా ఇంట్లో లేదన్నాను. మా తాత గుర్రాల కథ అతనికి బెంచీ మీదే చెప్పి ఉన్నాను. నేను ఎదురు తిరుగుతానని ముందే ఊహించినట్టు తల ఊపాడు.

"బజార్లో వద్దులే. కాలువ గట్టుకు పోదాం. ఆడ నిన్నెరిగినోళ్లు ఎవురుంటారు, ఎనుములు తప్ప?"

ఎనుములే కదా అని లేచాను. ఆ నల్లదాన్నీ, దానికన్నా ఒక సైజు చిన్నదాన్నీ లగేజీ ఆటోలో వేసి, ముందు సీటులో నన్ను కూర్చోబెట్టుకుని కేసీ కాలువ గట్టుకు తీసుకుపోయాడు. ఆ చిన్నది చిలకపచ్చ రంగు, ఒంటి నిండా నారింజ రంగు అక్షరాలు. ఆటో పోతున్నంతసేపూ దానివైపు చూడకుండా కూర్చున్నాను.

వానలు పడి కాలువ నిండుగా ఉంది. గట్టు కింద మడిలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. మిత్రుడు చెప్పినట్టు ఎనుములూ ఉన్నాయి, కానీ ఆడవాళ్ల సంగతి అతను చెప్పలేదు. నేను ముందు పంపు అడిగి టైర్లలో గాలి నింపాను. తారురోడ్డు మీద గాలి ఎంత గట్టిగా ఉంటే అంత సుఖం. గోరుతో కొడితే ఖంగుమనేదాకా నింపాను. తరువాత, కాళ్ల కింద కదిలేదేదీ నాకు గిట్టదు కనుక, ముందు షాకులు కదలకుండా మీట బిగించాను.  మిత్రుడు గట్టు మీద ఒక రాయి చూసుకుని, నాటకం చూడటానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు.

నల్లదాన్ని ఎక్కాను. పెనం మీద శనగగింజ ఎట్లా ఎగురుతుందో నాకు ఆ గట్టు మీద తెలిసింది. ప్రతి రాయి పేరూ నా వెన్నెముకకు విడివిడిగా చెప్పి పంపింది సైకిలు. అయినా వీపు వంచలేదు. ఎనుములు కాలువలోకి దిగే పల్లం దగ్గర ఒకటి అడ్డం వచ్చి నిలబడింది. బ్రేకు వేసి కాలు దించాను. కాలు నేలకు అందలేదు.

పడటం మొదలైనాక కింద చేరడానికి చాలాసేపు పట్టింది. ఎనుము నన్ను చూడటం, నేను దాన్ని చూడటం కూడా జరిగింది. తరువాత సైకిలుతో సహా గట్టు దిగి, తెల్ల చొక్కాతో మడిలో కూర్చున్నాను.

ఆడవాళ్లు నడుములు ఎత్తారు. పెద్దావిడ ఒకామె చేతిలో నారు పట్టుకుని, ముఖంలో నవ్వు లేకుండా అడిగింది.

"ఏంది పెద్దాయనా, నాటేసేదానికొచ్చినావా? ముందే చెప్పింటే నీకొక సాలు ఇడిచిపెట్టింటిమి గదా."

మిగతావాళ్లు నవ్వకుండా ఉండలేకపోయారు. మిత్రుడు వచ్చి చెయ్యి అందించాడు. పైకి తెచ్చి, నల్లదాన్ని గట్టుకు ఆనించి, చిలకపచ్చదాన్ని నా ముందు నిలబెట్టాడు. "దిగినావు గదా, ఇంక ఇదెక్కు" అన్నాడు.

నేను ఎక్కలేదు. ఒకదాన్ని ఎక్కి దిగి, అంతకన్నా పొట్టిదాన్ని ఎక్కడమంటే, మొదటిది నన్ను ఒప్పుకోలేదని ఇంతమంది ముందు ఒప్పుకున్నట్టే. మడిలోవాళ్లు పని ఆపి చూస్తున్నారు. ఎక్కకపోతే బస్సెక్కి ఊరికి పోవాలి, సాయంత్రం నుంచి గ్రౌండు. మోచేతుల నుంచి బురద కారుతుంటే అట్లాగే నిలబడ్డాను. అప్పుడు ఒకటి తోచింది. మా తాత అరుగు మీద నుంచి గుర్రాలను చూశాడు కానీ, ఎక్కితే ఎట్లా ఉంటుందో ముందుగా ఆయనకు ఎన్నడూ తెలియలేదు. ఎంత మంచి గుర్రాలను లోపలికి లేచిపోయి వదులుకున్నాడో. పాపం అనిపించింది. మా ఇంట్లో ఆయన గురించి ఎవరూ ఆ మాట అనుకుని ఉండరు.

కాలువలో చేతులు కడుక్కుని వచ్చాను. మిత్రుడు అప్పటికే ఈ టైర్లలో నుంచి బొటనవేలు దిగేంత గాలి వదిలాడు. షాపులోనే బిగించి ఉన్న షాకుల మీట నేనే విప్పాను. ఎక్కాను. రెండు కాళ్లూ నేలను ముట్టాయి. చిన్నప్పటి తరువాత సైకిలు మీద కూర్చుని నేలను తాకింది అదే. హ్యాండిలు వెతకబోతే చేతుల కిందే ఉంది.

తొక్కాను. గట్టు మెత్తబడింది. రాళ్లు వస్తున్నాయి, ముందు ఫోర్కు మునిగి లేస్తోంది, నా దాకా ఏదీ రావడం లేదు. ఎనుము ఇంకా అక్కడే ఉంది. దాన్ని చుట్టి పల్లంలోకి దిగాను, నీళ్ల అంచును కోసుకుంటూ పోయాను, అవతలి ఏటవాలు ఎక్కేశాను. పైకి వచ్చాక, తొందరపడి పైకి వచ్చానే అనిపించి, వెనక్కి తిరిగి మళ్లీ దిగాను. నా గొంతులో నుంచి ఏదో శబ్దం వచ్చింది. తరగతిలో పిల్లలు అట్లాంటి శబ్దం చేస్తే బయటికి పంపుతాను. తడి రేగడిలో కావాలనే దించాను. చక్రాలు మట్టిని నా వీపు మీదికి, నెత్తి మీదికి చిమ్ముతున్నాయి, ఫోర్కు సందులో నుంచి ముద్దలు ముద్దలుగా వదిలేస్తున్నాయి. చదివినది నిజమైనందుకు గట్టిగా నవ్వాను. సీటు మీద నుంచి లేచి నిలబడితే మోకాళ్లు వాటంతటవే వంగాయి, వీపూ వంగింది. మడిలో పెద్దావిడ ఏదో అంది, వినపడలేదు. నేను చెయ్యి ఊపాను, ఆమె నారుకట్ట ఊపింది. పల్లం దిగడం, ఎక్కడం, తిరగడం, ఎన్నిసార్లో. ఎనుము విసిగి నీళ్లలోకి పోయింది.

మిత్రుడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మళ్లీ షాపు తెరవాలి, ఏ సంగతో చెప్పమన్నాడు.

"ఇదే" అన్నాను.

"రంగు ఇదొక్కటే ఉంది మరి. నలుపు రావాలంటే నెల పడుతుంది."

"రంగుకేం?" అన్నాను. నెల అనే మాట వినగానే హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడే అతని ఫోను మోగింది. మా ఇంటావిడ. నాకు చేసి చేసి, ఎత్తకపోతే అతనికి చేసిందట. నా ఫోను మడిలో ఉందని అప్పుడు తెలిసింది. సైకిలు దిగకుండానే అందుకున్నాను. ఆమె వేరే ఏమీ అడగలేదు.

"నడుమెట్లుంది?"

 పడింది గుర్తుంది, ఎనుము గుర్తుంది, నీళ్ల అంచు గుర్తుంది. నడుము సంగతి చూసుకోవడం మరిచిపోయాను. ఇప్పుడు చూసుకుంటే కూడా ఏమీ తెలియడం లేదు.

"ఉండు, ఇంకో చుట్టు తిరిగొచ్చి చెప్తా" అని ఫోను అతని చేతిలో పెట్టి పల్లంలోకి దిగాను.