మడత దగ్గర ఆగని చెయ్యి

పెన్సిల్వేనియాలోని మా వర్క్‌షాపులో ఉక్కు దూలాలు చేసేవాళ్లం పదహారుమందిమి. మాలో చేయి తిరిగిన వెల్డర్ ఎవరంటే కళ్లలో నిప్పులు పోసుకునేవాళ్లు కూడా బెర్నడీన్ హుడాక్ పేరే చెప్పేవారు. క్రేన్ నడిపేవాణ్ణి నేనే. ఆవిడ అతికినవన్నీ ఇరవై రెండేళ్లు ఎత్తి దించాను కాబట్టి నాకు తెలుసు. తన పనిని తానే మెచ్చుకునేది కూడా. “చూడు, ఈ అతుకు ముద్దొస్తోంది కదూ?” అనేది. మెచ్చుకోదగ్గదే మరి, కాదనడానికి నేనెవణ్ణి?

ఆ ఏడు ఒక వంతెనకు కొత్తరకం దూలాలు కావాలన్నారు. మామూలు దూలంలో పైపట్టీకీ కిందిపట్టీకీ నడుమ నిలువు రేకు చదునుగా ఉంటుంది. రేకు పలచనైతే బరువుకి ఏటవాలుగా ఉబ్బి వంగిపోతుంది. అందుకని అడుగడుక్కీ ఊతపలకలు అతకాలి. కొత్తదానిలో రేకునే మడతలు మడతలుగా వంచుతారు. అప్పుడు పావు అంగుళం రేకు కూడా ఏ ఊతా లేకుండా నిలబడుతుంది.

పని మాకు దక్కాలంటే విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో రెండు దూలాలను బరువు పెట్టి విరిచి చూపించాలి. చివరికి రేకు వంగితే పరవాలేదు, లెక్క ప్రకారం అదే జరగాలి. అంతకు ముందే అతుకు చిరిగితే మాత్రం మాట పడేది వెల్డరే.

మొదటిది చిరిగింది. లెక్కకట్టిన బరువులో సగం దాటగానే ఒక మడత మూలలో అతుకు టప్పున విడిపోయింది. మా ఫోర్‌మన్ వారెన్ ఫెన్‌స్టర్‌మాకర్ ముఖం మాడిపోయింది.

“రెండోది కూడా ఇలాగే పోతే నిన్ను వెల్డింగు నుంచి తీసి రేకులు కోసే కటింగులో వేస్తారు బెర్నీ. నా చేతుల్లో ఏం లేదు,” అన్నాడు.

“వెయ్యనీ. కానీ రెండోది నా పద్ధతిలో చేస్తా.”

“ఎలా అతకాలో పైవాళ్లు రాసిచ్చిన కాగితంలో ఉన్నట్టే చెయ్యాలి గదా!”

“ఆ కాగితం రాసినాయన జన్మలో చదును రేకు తప్ప చూసుండడు. ప్రతి మడత దగ్గరా ఆపి మళ్లీ మొదలెట్టమన్నాడు. లాగుడంతా ఆ మూలలోనే ఉంటే అక్కడే ఆపమంటాడేంటి? కూరపెట్టి నీళ్లలో ఉడికించే పిరోగీ అంచు ఒక్కచోట నొక్కకుండా వదిలెయ్, లోపలి కూరంతా నీళ్లపాలే!”

“దూలం గురించి అడిగితే వంట చెప్తావేం?”

“నీ బుర్రకెక్కేది అదొక్కటే గదా వారెన్!”

అందరం నవ్వాం. వారెన్‌కీ నవ్వాగలేదు. “సరే, చేసుకో. పోతే ఇద్దరం కలిసే కటింగుకి పోదాం,” అన్నాడు.

నాలుగు రోజులు పట్టింది. చదునుభాగంలో తప్ప ఆవిడ ఎక్కడా ఆపలేదు. మడత వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, చేయి ఎత్తకుండా నడుమంతా తిప్పేది. యాభై ఏడేళ్ల మనిషి! చూస్తుంటే నాకే నడుం నొప్పెట్టింది.

పరీక్ష రోజు దూలానికి సున్నం పూశారు. ఉక్కు లొంగినచోట సున్నం పెచ్చులూడుతుంది, ప్రయోగశాలవాళ్లకు అదే గుర్తు. బరువు పెంచుతూ పోయారు. మొదటిది చిరిగిన అంకె దాటింది. వారెన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. లెక్కకట్టిన అంకె కూడా దాటింది. అప్పుడు రేకు మీద సున్నం ఏటవాలుగా రాలింది, మరుక్షణం షెడ్డు అదిరేలా రేకు వంగిపోయింది. వంతెనవాళ్ల తరఫున వచ్చిన ఇంజినీరమ్మ దీపం పట్టుకుని అతుకు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికింది. వెంట్రుకంత పగులు కూడా లేదు. నేనైతే సిగ్గు లేకుండా కేకపెట్టాను.

“గెలిచావ్ తల్లీ!” అన్నాడు వారెన్. “మొదటిదాంట్లో నీ తప్పేం లేదని రాయిస్తాను.”

“రాయించకు. దాంట్లో తప్పు నాదే.”

ఎవరికీ అర్థం కాలేదు.

“కాగితం చదివిన రోజే తెలుసు నాకు, అది చిరుగుతుందని. చదువుకున్నోళ్లు రాశారు గదా అని నోరు మూసుకుని అతికా. ఇక్కడ చిరిగింది కాబట్టి సరిపోయింది. వంతెన మీద చిరిగుంటే?”

ఇంజినీరమ్మ ఆ పద్ధతి రాసిన కాగితం తెరిచి, తన పెన్ను తీసి ఆవిడ చేతికిచ్చింది. రాలిన సున్నంలో నిలబడి, బెర్నడీన్ ఆ కాగితాన్ని తన చేత్తో దిద్దింది.