జాజుల దుప్పటి

పూలకొట్టు ముందు నుంచి వెళుతుంటే తడిసిన అరటినార వాసన నన్ను ఇప్పటికీ ఆపేస్తుంది. పూల వాసన అందరికీ తెలుస్తుంది, నార వాసన మాత్రం పూలు కట్టినవాళ్ళకే తెలుస్తుంది. నాకు పూలు కట్టడం నేర్పింది మస్తాన్‌బీ పిన్ని. పందొమ్మిది వందల అరవైల్లో నరసరావుపేటలో మా పక్కింట్లో ఉండేది. పెళ్ళిళ్ళకు దండలూ, దర్గాలో సమాధి మీద కప్పే పూల చాదర్లూ కట్టి బతికేది. నోరు దురుసు, మనసు వెన్న.

ఒక ఏడాది వానాకాలం మొదట్లో నా తొలిచూలు బిడ్డ, ఇంకా బోర్లా పడనైనా లేదు, జ్వరంతో పోయాడు. మా వాళ్ళు చర్చి వెనక సమాధుల తోటలో పెట్టి వచ్చారు. నేను వెళ్ళలేదు. వాన పడితే చాలు, మట్టిలో వాడు తడిసిపోతున్నాడని వణికిపోయేదాన్ని. తిండి మానేశాను, మాట మానేశాను. ప్రార్థన చేసుకోమన్నారు కొందరు, ఇంకొకణ్ణి కంటే అంతా మర్చిపోతావన్నారు కొందరు. నాకు పిచ్చెక్కుతుందేమోనని మా ఆయన భయపడ్డాడు. నాకూ ఆ భయం లేకపోలేదు.

పిన్ని నీతులేమీ చెప్పలేదు. జాజుల చేట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఏమే కరుణా, దండలు చానా కట్టాల. ఓ చెయ్యెయ్యి."

వేశాను. నేను ముడి బిగించినప్పుడల్లా కాడలు తెగి మొగ్గలు రాలిపోయేవి.

"ఏందే ఆ బిగింపు? పారిపోతాయనా? నార పువ్వును పట్టుకోవాల గానీ పీక నొక్కగూడదు."

నవ్వొచ్చింది. బిడ్డ పోయాక అదే మొదటి నవ్వు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆమె అరుగు మీదికి చేరేదాన్ని. చూపు మొగ్గ మీద ఉన్నంతసేపూ మనసు సమాధుల తోట వైపు పరుగెత్తేది కాదు. ఆకలి కూడా వేసేది.

ఒకనాడు కడుతుండగానే ఉరిమింది. నా చేతులు ఆగిపోయాయి.

"వాడు తడుస్తాడు పిన్నీ," అన్నాను. అంతవరకూ ఎవరితోనూ అనని మాట.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఉన్న జాజులన్నీ నా ముందు కుమ్మరించింది.

"అయితే కప్పుదాం రా. దర్గాలో మా పెద్దోళ్ళకి కప్పటంలా? నీ బిడ్డకెందుకు కప్పగూడదు? ఎంత పొడుగో చెప్పు."

రెండు చేతులూ చాపి వాడి పొడుగు చూపించాను.

మాలలు పక్కపక్కన పరిచి చిన్న చాదరు అల్లాం. ఒక్క మొగ్గా తెగలేదు. వాన వెలిశాక పిన్నీ, మా ఆయనా చెరోపక్కా నడుస్తుంటే ఆ తోటలో మొదటిసారి అడుగుపెట్టాను. సిలువ ముందున్న మట్టిదిబ్బ మీద చాదరు కప్పి, నిద్రలో వాడికి సర్దినట్టే అంచులు సర్దాను. అప్పుడు ఏడ్చాను. పిన్ని ఊరుకోమనలేదు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె రుణం తీరేది కాదు. ఎవరింట్లోనైనా తీరని దుఃఖం వస్తే నేను ఓదార్పు మాటలు పట్టుకెళ్ళను. చేటలో పూలూ, తడిపిన నారా పట్టుకెళ్ళి, "ఓ చెయ్యెయ్యి," అంటాను.

వాన పడే రాత్రుల్లో ఇప్పుడు నిద్రపోతాను. వాడికి కప్పి వచ్చాను.